ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా?

ఆస్పత్రిలో 150 చూపించిన బీపీ ఇంటికొచ్చాక 130 ఉండటం చాలామందికి అనుభవమే. డాక్టర్ ముందు కూర్చోగానే వచ్చే టెన్షన్ అలా పెంచుతుంది. కొందరికి ఇదే తిరగబడుతుంది: డాక్టర్ దగ్గర మామూలుగా ఉండి, ఇంట్లో ఎక్కువగా ఉంటుంది. ఎవరి కంటా పడదు కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం. ఇంటి రీడింగులకు అంత విలువ ఉన్నది ఇందుకే. కాకపోతే చూసే పద్ధతి సరిగ్గా ఉండాలి.

ముందు మెషిన్ సంగతి. జబ్బకు పట్టీ చుట్టే డిజిటల్ మెషినే కొనండి. మణికట్టుకు పెట్టేది వద్దు. చెయ్యి గుండె కంటే కిందికి జారితే అంకె పెరిగిపోతుంది. కొనేముందు భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసుకోండి. మామూలు పట్టీ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. లావు చేతికి అదే బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు పెద్ద పట్టీ అడిగి తీసుకోండి.

ఉదయం లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ, టిఫిన్, బీపీ మాత్ర వీటన్నిటికంటే ముందు చూసుకోండి. మళ్లీ రాత్రి పడుకునే ముందు. నడక, సిగరెట్, టీ అయితే అరగంట ఆగాలి.

కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వద్దు, బాసింపట్టూ వద్దు. చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్లమీద ఆనించండి. ఎత్తు చాలకపోతే కింద దిండు పెట్టండి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది జబ్బను నొక్కేస్తుంది, కాబట్టి ఆ చెయ్యి బయటికి తీసేయడమే మేలు. మోచేతి మడతకు ఒక అంగుళం పైన, పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులుగా చుట్టండి. మెషిన్ నడుస్తున్నంతసేపూ మాట్లాడకండి. పక్కనుంచి “ఎంతొచ్చింది నాన్నా?” అని అడిగినా సరే, జవాబు తర్వాతే. మాట్లాడితే బీపీ పెరుగుతుంది.

మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకమీదట చూడండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయండి. తక్కువ వచ్చింది మాత్రమే రాసుకునేవాళ్లు చాలామంది. దానివల్ల నష్టం వాళ్లకే. ఇలా 7 రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. పైది 135 గానీ, కిందిది 85 గానీ దాటితే డాక్టర్‌ను కలవాలి. మధ్యలో ఒక్కసారి 145 వచ్చిందని కంగారుపడి పదేపదే చూసుకోకండి, ఆ కంగారుకే ఇంకా పెరుగుతుంది. అలాగే 120 వచ్చిందని మాత్ర ఆపకండి. ఆ 120 మాత్ర వల్ల వచ్చిందే కావచ్చు.

180/120 దాటితే 5 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో పడిపోవడం ఉంటే మళ్లీ చూడటం కూడా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోయినా అంకె దిగకపోతే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి.

గర్భిణులు, గుండె లయ తప్పేవాళ్లు ఏ మెషిన్ వాడాలో డాక్టర్‌నే అడగాలి. రీడింగుల పుస్తకం ప్రతిసారీ డాక్టర్‌కు చూపించండి. ఏడాదికోసారి మెషిన్ కూడా వెంట తీసుకెళ్లి, అక్కడున్నదానితో సరిచూసుకోండి.