గాలి పడని బాక్టీరియా – 4వ పాఠం: చీము తీయడం, పంపడం

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న అడిగాను. గ్రామ్ స్టెయిన్ (బాక్టీరియాకు రంగు వేసి మైక్రోస్కోపులో చూడడం) స్లైడు మీద మూడు రకాల బాక్టీరియా కనిపించాయి, బాక్టీరియాను పెంచే ప్లేటు మీద ఒకటే పెరిగింది. మిగతా రెండూ ఏమైనట్టు? యాంటీబయాటిక్ వల్ల కావచ్చు, తప్పు జవాబు కాదు. కానీ ముందు అనుమానించాల్సింది గాలిని. గాలి పడని బాక్టీరియా, అంటే అనెరోబ్‌లు, అందులోని ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతాయి.

నేను తిరుపతిలో ల్యాబులో కొత్తగా చేరిన రోజుల్లో చిత్తూరు నుంచి ఒక శాంపిల్ వచ్చింది. అపెండిక్స్ పగిలి కడుపులో కట్టిన గడ్డ. స్వాబ్ పుల్లకు కాస్త చీము అంటించి, మే నెల ఎండ కదా అని ఐసు మధ్య పెట్టి బస్సులో పంపారు. దాదాపు డెబ్బై కిలోమీటర్లు. మూత తీస్తే గదిలో నిలబడలేకపోయాం, అంత కంపు. మర్నాడు ఇ.కోలై పెరిగింది, అదొక్కటే రిపోర్టులో రాసిచ్చాను. అలాంటి గడ్డల్లో ఇ.కోలైతో పాటు సాధారణంగా ఉండే బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ అనే అనెరోబ్ నాకు తట్టనే లేదు. తట్టినా లాభం లేదు, దారిలోనే చచ్చిపోయి ఉంటుంది.

స్వాబ్ ఎందుకు వద్దంటే, దూది నిండా గాలే, చీము కొంచెమే, అదీ త్వరగా ఎండిపోతుంది. ఐసు సంగతి కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. చల్లబడే కొద్దీ ద్రవంలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. అందుకే ఫ్రిజ్ వద్దు, గది వేడిలోనే ఉంచాలి.

చర్మం శుభ్రం చేశాక డాక్టరు సిరంజితో గడ్డ లోపలి నుంచి చీము లాగుతారు. వెంటనే బుడగలన్నీ బయటికి నెట్టాలి. అనెరోబ్‌ల కోసం తయారైన ట్రాన్స్‌పోర్ట్ సీసా ఉంటే అందులో వేయడం మేలు. లేకపోతే సూది తీసేసి, సిరంజికి మూత బిగించి, అరగంటలో ల్యాబుకు చేర్చాలి. సూదితో పంపొద్దు, మోసుకొచ్చే మనిషికి గుచ్చుకుంటుంది. లేబులు మీద ఉత్త 'చీము' అని రాస్తే నాకు కోపం వస్తుంది. ఎక్కడి చీమో రాయాలి.

కఫం, గొంతు స్వాబ్, మామూలుగా పోసిన మూత్రం ఈ కల్చర్‌కు (ల్యాబులో అనెరోబ్‌లను పెంచి చూడడానికి) తీసుకోకండి. నోట్లో, మూత్రం బయటికొచ్చే దారిలో అనెరోబ్‌లు మామూలుగానే కాపురం ఉంటాయి. పెద్దపేగులోనైతే మిగతా బాక్టీరియా కంటే సుమారు 1000 రెట్లు ఎక్కువ. అలాంటి చోటి నుంచి తెచ్చి 'దొరికింది' అంటే దానికి అర్థం లేదు.

ఇంట్లో సాధన: సూది లేని కొత్త సిరంజిలోకి చిక్కటి గంజి లాగండి. నీళ్లతో చేయకండి, మరీ సులువు. కొనను పైకి పెట్టి గోటితో తడుతూ ఒక్క బుడగ కూడా మిగలకుండా గాలి నెట్టండి, గంజి చిందకూడదు. చీము కూడా ఇలాగే మొండికేస్తుంది. పదిసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

వచ్చే పాఠం గ్యాస్ జార్. ఈలోగా ఆలోచించండి: షుగర్ రోగి కాలి పుండు లోతు నుంచి తీసిన చీము సిరంజిలో మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. రోగికి ఆపరేషన్ అయిపోయింది, మళ్లీ తీయడం కుదరదు. పారేస్తారా, కల్చర్ పెడతారా? పెడితే రిపోర్టులో ఏం రాస్తారు?