స్క్వేర్ కట్టినా గుర్రాలు లోపలికి వస్తున్నాయా? సమస్య - పరిష్కారం

నెపోలియన్ కాలపు యుద్ధాలను బోర్డు మీద ఆడేవాళ్లు రూల్స్‌ను తిట్టే ముందు ఒక్కటి చూసుకోండి. గుర్రాలు తాకేసరికి స్క్వేర్, అంటే కాల్బలం నాలుగు వైపులా బాయ్‌నెట్లు (తుపాకీ మొనకి బిగించే కత్తులు) బయటికి చాచి నిలబడే చదరం, పూర్తిగా కట్టి ఉందా?

సమస్య: ఒక్క దాడికే బెటాలియన్ మొత్తం పోయింది.
కారణం: కట్టడం ఆలస్యమైంది. చాలావరకు ఇదే. 1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయెరాలో బ్రిటిష్ అధికారి కోల్‌బోర్న్ బ్రిగేడ్ (నాలుగు బెటాలియన్ల దళం) బారుగా నిలబడి ఉండగా, జోరువాన చాటున ఫ్రెంచి వైపు పోలిష్ ఈటెల రౌతులు పక్కనుంచి వచ్చిపడ్డారు. నాలుగింటిలో మూడు బెటాలియన్లు నాశనమయ్యాయి. స్క్వేర్ కట్టుకున్న 31వ రెజిమెంట్ వాళ్లు నిలబడ్డారు.
పరిష్కారం: గుర్రాలు కనిపించేదాకా ఆగకండి. అవి దాగగల గుట్టో, ఎత్తైన పైరో ఎదురైతే చాలు, కట్టేయండి. కట్టాక ఎవరో చెప్పారని మధ్యలో విప్పకండి. 1815లో బెల్జియంలోని కాత్ర్ బ్రా దగ్గర బ్రిటిష్ 69వ రెజిమెంట్ అలా విప్పబోయే జెండా పోగొట్టుకుంది.

సమస్య: స్క్వేర్ సక్రమంగా ఉంది, సైనికులూ బెదరలేదు, అయినా విరిగింది.
కారణం: దీన్ని ఎవరూ అనుమానించరు. కాల్పులు మరీ దగ్గర్లో జరిగాయి. 1812 జులై 23న, సలమాంకా యుద్ధం మర్నాడు, స్పెయిన్‌లోని గార్సియా హెర్నాండెజ్ దగ్గర, బ్రిటిష్ సేనలో బోక్ నడిపిన జర్మన్ డ్రగూన్ల (గుర్రపు దళం) మీద ఫ్రెంచి స్క్వేర్ బాగా దగ్గరకి రానిచ్చి కాల్చింది. గుండు తగిలిన గుర్రమొకటి వచ్చిన ఊపులోనే బాయ్‌నెట్ల మీద కూలి, కొందరిని కింద పడేసింది. ఆ సందులోంచి మిగతా రౌతులు దూరారు. బతికున్న గుర్రం బాయ్‌నెట్లను చూసి ఆగుతుంది, పక్కకి తిరుగుతుంది. చచ్చిన గుర్రం ఆగదు కదా! ధైర్యం పాయింట్లు ఎన్ని పెంచినా దీనికి మందు కాదు.
పరిష్కారం: 30 గజాల దగ్గర కాల్చండి. పడిన గుర్రాలే వెనకొచ్చేవాటికి అడ్డమవుతాయి. అలాగని 100 గజాల నుంచే అందరూ ఒకేసారి పేల్చేయకండి. మళ్లీ మందు దట్టించడానికి సుమారు 20 సెకన్లు, ఈలోపు దౌడు తీసే గుర్రం మీ మీదుంటుంది. మోకాళ్ల మీదున్న ముందు వరుసలు బాయ్‌నెట్లు ఎత్తిపట్టే పనిలోనే ఉండాలి, కాల్పులు వెనక వరుసలవి.

సమస్య: విరగలేదు, కరిగిపోతోంది.
కారణం: ఫిరంగులు. వాటర్లూలో బ్రిటిష్ 27వ రెజిమెంట్ స్క్వేర్‌లో నిలబడే సగానికి పైగా పోయింది.
పరిష్కారం: గుట్ట వెనక్కి జరగండి.

వానకి తుపాకులు తడిసి పేలకపోవడం కూడా ఉంది. 1813లో డ్రెస్డెన్‌లో ఆస్ట్రియన్ స్క్వేర్లు అలాగే లొంగిపోయాయి. అరుదు లెండి. అలాంటి వాన పడితే స్క్వేర్ మీద ఆశ వదిలేసి దగ్గర్లో ఏదైనా ఊళ్లోకి దూరండి.