ర్యామ్, హార్డ్‌డిస్క్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

తిరుపతి ఎండలకు ఇంటి కంప్యూటర్ మాటిమాటికీ నీలి తెర చూపించి ఆగిపోతుంటే, ముందు కేసులో దుమ్ము దులిపి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. అయినా తగ్గకపోతే ర్యామ్‌కు (పని జరిగేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ), హార్డ్‌డిస్కుకు (ఫైళ్లు దాచే భాగం) పరీక్షలు పెట్టాల్సిందే. అంతకుముందు ఇవి సరిచూసుకోండి.

▪ బ్యాకప్, అంటే ఫైళ్లకు వేరేచోట నకలు. దీన్ని వాయిదా వేయొద్దు. కొండమీద పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించిన ఫొటోలు పోతే మళ్లీ రావు. వేరే డిస్కులోకి ఎక్కించి, నాలుగైదు తెరిచి చూడండి. ర్యామ్ చెడితే కాపీలూ పాడవ్వొచ్చు. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మాత్రం చెక్‌డిస్క్ (డిస్కు తప్పులు వెతికి సరిచేసే విండోస్ ఆదేశం) జోలికి పోకండి. ఆదేశం చివర స్లాష్ ఆర్ (/r) పెడితే అది డిస్కు మొత్తాన్ని చదువుతుంది, కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ భారం మోయలేదు. ముందు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) చూడండి. అందులో పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతుంటే కొత్త డిస్కు కొనడమే మంచిది.

▪ వరుస ముఖ్యం: ముందు ర్యామ్, తర్వాతే డిస్కు. చెడిన ర్యామ్‌తో డిస్కును మరమ్మతు చేయిస్తే బాగున్న ఫైళ్లూ దెబ్బతినొచ్చు.

▪ బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

▪ కరెంటు. పెద్ద డిస్కు పరీక్షకు గంటలు పడుతుంది, మామూలు యూపీఎస్ నిమిషాలే ఆగుతుంది. కోత ప్రకటించిన రోజు, గాలివాన సాయంత్రం మొదలుపెట్టకండి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించే ఉంచండి.

▪ ర్యామ్ విప్పాలంటే ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి, కేసు ఇనుమును తాకాకే చెయ్యి పెట్టండి. బంగారు రంగు కాళ్లను ముట్టుకోవద్దు.

▪ మెమరీ డయాగ్నస్టిక్ (విండోస్‌లోనే ఉండే ర్యామ్ పరీక్ష) ఫలితం తెరమీద కనబడకపోతే, విండోస్ చిట్టాలు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడండి.