కిడ్నీ లెక్కలు – 4వ పాఠం: ఇరవై నాలుగు గంటల డబ్బా

కిడ్నీలు రోజుకి ఎంత వడపోస్తాయని మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం నుంచి వచ్చిన జవాబులు చూశాక, ఈ వారం చెబుదామనుకున్న హెన్లీ వంపు (కిడ్నీ గొట్టంలో ఒక మలుపు) పక్కన పెట్టేశాను. సగం మందికి పైగా ఒకే వాక్యం రాశారు: "కిడ్నీలు రోజుకి 180 లీటర్ల రక్తాన్ని వడపోస్తాయి." కొందరైతే నన్నే అడిగారు: "ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు. 180 ఎక్కడిది మాష్టారూ?" వీళ్ళకీ జవాబు రాలేదు గానీ వీళ్ళే నయం. అనుమానం రావాల్సిన చోటే వచ్చింది.

నిమిషానికి రెండు కిడ్నీలకీ కలిపి చేరే రక్తం సుమారు 1.2 లీటర్లు. గుండె పంపేదాంట్లో ఐదో వంతు పైమాటే. అందులో కణాలు పోను ప్లాస్మా 650 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఆ ప్లాస్మాలోంచి గ్లోమెరులస్ (వడపోత జరిగే సన్నటి రక్తనాళాల ఉండ) గోడ దాటి కిడ్నీ గొట్టంలోకి దిగేది 125 మిల్లీలీటర్లు. చివరికి మూత్రంగా బయటికి వచ్చేది 1. ఈ నాలుగు అంకెలూ నాలుగు వేరు వేరు ద్రవాలవి. 125ని 1440 నిమిషాలతో గుణిస్తే 1,80,000 మిల్లీలీటర్లు, అదీ మన 180 లీటర్లు. అది రక్తం కాదు, వడపోత నీరు. రక్తమే లెక్కేస్తే రోజుకి 1,700 లీటర్లు దాటిపోతుంది.

ఉన్నది కొంచెమే అయితే అంత ఎలా వస్తుందంటారా? మూడు వేల రూపాయల పెట్టుబడితో సంతలో కూర్చున్నవాడు సరుకు కొని, అమ్మి, ఆ డబ్బుతోనే మళ్ళీ కొని, అలా అరవై సార్లు తిప్పితే సాయంత్రానికి లక్షా ఎనభై వేల బేరం చేసినట్టే. జేబులో మాత్రం ఎప్పుడూ ఆ మూడు వేలే. మన ఒంట్లో ప్లాస్మా మూడు లీటర్లు. అరవై సార్లు వేసి చూసుకోండి.

గుణుపురం నుంచి నర్సింగ్ చదివే అమ్మాయి ఒకరు మంచి ప్రశ్న పంపారు. అంతా వడపోసి, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు వెనక్కి తీసుకోవడం దండగ పని కాదా అని. కాదమ్మా. ఏది చెత్తో గుర్తుపట్టే పని కిడ్నీ పెట్టుకోదు. చిన్న అణువులన్నిటినీ బయటికి వదిలేస్తుంది, తనకు కావలసినవాటిని మాత్రం పట్టి వెనక్కి లాగుతుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉన్న మనిషికి రోజుకి 180 గ్రాముల గ్లూకోజు గొట్టాల్లోకి దిగుతుంది, అంతా వెనక్కి వస్తుంది. రక్తంలో అది సుమారు 180 దాటినప్పుడే మూత్రంలో కనబడుతుంది. క్రియాటినిన్‌ని (కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం) వెనక్కి లాగే నాథుడు లేడు. దిగిందల్లా బయటికే పోతుంది. అందుకే కొలతకి అది పనికొచ్చింది.

దిగినదీ పోయినదీ సమానమైతే నిమిషానికి ఎంత వడపోత జరిగిందో ఆ లెక్క దానంతట అదే వచ్చేస్తుంది. మూత్రంలో క్రియాటినిన్ ఎంత గాఢంగా ఉందో చూసి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం వచ్చిందో దానితో గుణించి, రక్తంలో ఉన్న క్రియాటినిన్‌తో భాగించాలి. దీన్ని క్లియరెన్స్ అంటాం. ఎందుకు భాగించాలో ఇక్కడ రుజువు చెయ్యను, మూడో పాఠం తిరగేస్తే తెలుస్తుంది. గొట్టాల గోడలు కూడా కాస్త క్రియాటినిన్‌ని లోపలికి నెడతాయి కాబట్టి ఈ అంకె అసలు వడపోత కంటే పదీ ఇరవై శాతం ఎక్కువ చూపిస్తుంది. అది గుర్తుంచుకుని ముందుకి పదండి.

ఉదాహరణ. జీడితోటలో పనిచేసే మనిషి, వయసు 40, బరువు 56 కిలోలు. రక్తంలో క్రియాటినిన్ డెసిలీటరుకి 1.6 మిల్లీగ్రాములు, మూత్రంలో 80. ఇరవై నాలుగు గంటల మూత్రం 1440 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి 1. ఎనభైని 1.6తో భాగిస్తే 50, అంటే నిమిషానికి 50 మిల్లీలీటర్లు. ఇంతే.

ఇప్పుడు నా ఒళ్ళు మండించే విషయానికి వస్తాను. ఆ ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టే డబ్బా.

మన ఆసుపత్రుల్లో రోగికి డబ్బా చేతికిచ్చి ఒడియాలో ఒక్క ముక్క చెబుతారు, రేపు సకాళు (పొద్దున) మొదలుపెట్టమని. ఆయన తెలుగో సవరో మాట్లాడేవాడు. ఉదయం ఆరింటికి లేచి, మొదటి మూత్రం శ్రద్ధగా డబ్బాలో పోస్తాడు. మర్నాడు ఆరింటిదీ పోస్తాడు. ల్యాబ్‌లో అడిగితే "ఏటండీ, పొద్దున్నుంచే పట్టమన్నారు గదా" అంటాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ మొదటి మూత్రం రాత్రంతా తయారైంది, అంటే నిన్నటి సరుకు. దాన్ని పారబోయాలి. పారబోసిన ఆ నిమిషం టైము రాసుకోవాలి. అక్కణ్ణుంచి వచ్చిన ప్రతి చుక్కా డబ్బాలోకే. మర్నాడు అదే టైముకి, వచ్చినా రాకపోయినా కూర్చుని, ఆ ఆఖరిదీ పోయాలి. ఒంట్లోని మూత్రపు సంచీ ఖాళీగా మొదలవ్వాలి, ఖాళీగా ముగియాలి.

ఎందుకింత గొడవంటే, మన జీడితోట మనిషి ఆ రాత్రి మూత్రం 360 మిల్లీలీటర్లు కలిపేశాడనుకోండి. డబ్బాలో 1800. నిమిషానికి 1.25. క్లియరెన్స్ 62.5. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం, ఈయనేమో గీత దాటి మంచివాళ్ళలో కలిసిపోయాడు. ఇప్పుడు తిరగేయండి. మొదటిది సరిగ్గానే పారబోశాడు గానీ, మధ్యాహ్నం సంతలో ఉండి ఒకసారి గోడవార కూర్చున్నాడు, 360 పోయింది. డబ్బాలో 1080, క్లియరెన్స్ 37.5. అదే మనిషి, అవే కిడ్నీలు, మూడు అంకెలు. ఒకదాంతో ఇంటికి పంపేస్తారు, ఇంకోదాంతో ఇంటిల్లిపాదీ ఏడుస్తారు.

కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినని వాళ్ళు మన సరిహద్దు ఊళ్ళలో ఉండరు. కవిటి, సోంపేట, కంచిలి మనకి చుట్టరికాలున్న ఊళ్ళే. అక్కడి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాబట్టి స్ట్రిప్ ముంచి చూసి "బాగానే ఉంది" అనడానికి లేదు. 50కీ 62.5కీ తేడా అందుకే నాకు చిన్నదిగా కనిపించదు.

డబ్బా నిజం చెబుతోందో లేదో పట్టడానికి నేను క్లియరెన్స్ కంటే ముందు వేసే లెక్క ఒకటుంది. రోజు మొత్తంలో ఎంత క్రియాటినిన్ పోయిందో చూసి, ఒంటి బరువుతో భాగించడం. కండ ఉన్న మగవాడికి కిలోకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 15 నుంచి 20. మనవాడి సరైన డబ్బాలో 1152 మిల్లీగ్రాములు, కిలోకి 20.6. రాత్రిది కలిసిన డబ్బాలో 25.7, కొంచెం ఎక్కువే, అడిగి తీరాలి. సంత డబ్బాలో 15.4. నలభై ఏళ్ళ తోట కూలీకి ఇంత తక్కువ రావడం అనుమానమే. డెబ్బై దాటిన సన్నటి ముసలాయనకైతే 15 వచ్చినా నేను పట్టించుకోను.

డబ్బా మీద నమ్మకం లేనప్పుడు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు 1976లో ఇచ్చిన సూత్రం వేసి చూస్తాను. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 ఇంటూ రక్తంలోని క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని మళ్ళీ 0.85తో గుణించాలి. మనవాడికి 48.6 వస్తుంది, సరైన డబ్బాకి దగ్గరగానే ఉంది. ఇప్పుడు ల్యాబులు 2021 నాటి కొత్త సూత్రాన్ని కంప్యూటర్‌కి అప్పగిస్తున్నాయి, అది మెరుగైనదే. నాకు మాత్రం కాగితం మీద చేత్తో వేసుకునేదే ఇష్టం. అంకె ఎక్కడ తేడా కొట్టిందో కంటికి తెలుస్తుంది.

"ముందు బాగా నీళ్ళు తాగిస్తే రిపోర్టు బాగా వస్తుందట కదా" అని రాసినవాళ్ళకి: మనవాడు తాగి తాగి 2880 మిల్లీలీటర్లు పోశాడనుకోండి. గాఢత 40కి పడిపోతుంది. రెండు ఇంటూ 40, బై 1.6. ఎంతొచ్చిందో మీరే చూసుకోండి.

డబ్బా చల్లగా ఉంచాలి. క్రియాటినిన్‌కి ఆమ్లం వెయ్యక్కర్లేదు. విరేచనానికి కూర్చునే ముందే మూత్రం విడిగా పట్టాలి. రక్తం కూడా ఆ ఇరవై నాలుగు గంటల్లోనే తీయించాలి. ఆ రోజు మాంసం కూర కుమ్మొద్దు, ఉడికిన మాంసంతో రక్తంలో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. ల్యాబ్‌లో కొలిచే ముందు డబ్బాని బాగా కలపండి, కొలజాడీతోనే కొలవండి. కూల్‌డ్రింక్ సీసా మీది గీతలు చూసి రాసిన అంకె నాకు పంపొద్దు.

ఇక అభ్యాసం. 50 ఏళ్ళ ఆవిడ, బరువు 45 కిలోలు. రక్తంలో క్రియాటినిన్ 2.0, మూత్రంలో 45, డబ్బాలో 1800 మిల్లీలీటర్లు. క్లియరెన్స్, కిలోకి మిల్లీగ్రాములు, కాక్‌క్రాఫ్ట్ లెక్క, మూడూ కట్టండి. తరవాత ఆవిడ కూతురొచ్చి, "మొదటిది ఐదింటికి పారబోసింది, ఆఖరిది మర్నాడు ఏడింటికి పోసింది" అని చెప్పింది. మళ్ళీ కట్టండి. ఈసారి 1440తో భాగించినవాళ్ళ కాగితం తిప్పి పంపేస్తాను. కొత్త అంకెని బట్టి డబ్బా మళ్ళీ పట్టించాలా, ఉన్నదాంతో డాక్టరుకి చూపించొచ్చా అన్నది రెండు వాక్యాల్లో, కారణంతో సహా రాయండి. ఉత్త అంకె పంపితే చూడను.