వంపు మీద జారే కణం, 3వ భాగం: బండను ఎక్కడ వదులుతుంది?

పోయిన భాగంలో వాలు బల్ల లెక్కలు చేశాం. ఈసారి చంద్రగిరి కోట కొండ మీద కనిపించే రాతిగుండు లాంటిదాన్ని ఊహించుకోండి, కాకపోతే అచ్చంగా గోళాకారం, ఘర్షణ అసలు లేదు, వ్యాసార్ధం ఆర్. దాని నెత్తిన చిన్న రాతిపలుకు పెట్టి కాస్త కదిపితే జారుతుంది. గుండును ఎక్కడ వదిలేస్తుంది?

తిరుపతిలో నా దగ్గరికొచ్చే ఇంటర్ పిల్లల్లో చాలామంది ముందే ఎన్ = ఎంజి కాస్ తీటా అని రాసేస్తారు (ఎన్ అంటే ఉపరితలం తనకు లంబంగా పలుకును నెట్టే బలం, ఎం ద్రవ్యరాశి, జి గురుత్వ త్వరణం, తీటా బల్ల వాలు కోణం). వాలు బల్ల అలవాటు అది. బల్ల మీద అది నిజమే, ఎందుకంటే బల్లకు లంబంగా త్వరణం లేదు. ఇక్కడ పలుకు వంపు తిరుగుతోంది కాబట్టి కేంద్రం వైపు వి²/ఆర్ త్వరణం (వి అంటే వేగం) ఉండి తీరాలి, ఆ దిశలో న్యూటన్ రెండో నియమం రాస్తే:

ఎంజి కాస్ తీటా − ఎన్ = ఎంవి²/ఆర్

ఇక్కడ తీటా అంటే కేంద్రం నుంచి పలుకుకు గీసిన గీత నిట్టనిలువు గీతతో చేసే కోణం. ఎన్ అనేది ముందే తెలిసిన బలం కాదు, పలుకు తన ఉపరితలంలోకి దిగబడకుండా ఎంత కావాలో అంతే గుండు ఇస్తుంది. పైగా అది నెట్టగలదే గానీ లాగలేదు, అంటే ఎన్ సున్నాకన్నా తగ్గలేదు. ఈ ఒక్కటి పట్టుబడితే నిర్బంధ చలనం, అంటే ఇలా ఒక ఉపరితలానికి కట్టుబడి సాగే కదలిక, సగం వచ్చినట్టే, అందుకే ఇక్కడ ఆగి మరోసారి చదవండి.

ఇక స్పర్శరేఖ దిశలో త్వరణం జి సైన్ తీటా. మనకు కాలంతో పని లేదు, కోణంతోనే, కాబట్టి త్వరణాన్ని వి డివి/డిఎస్ (ఎస్ అంటే వంపు వెంట జారిన దూరం) అని రాసి, డిఎస్ = ఆర్ డితీటా పెట్టి, నెత్తి నుంచి ఇంటిగ్రేట్ చేస్తే:

వి² = 2జిఆర్(1 − కాస్ తీటా)

దీన్ని పై సమీకరణంలో పెడితే ఎన్ = ఎంజి(3 కాస్ తీటా − 2). కాస్ తీటా 2/3 అయినప్పుడు, అంటే సుమారు 48.2 డిగ్రీల దగ్గర, ఎన్ సున్నా, పలుకు గుండును వదిలేస్తుంది. ద్రవ్యరాశి, జి రెండూ కొట్టుకుపోయాయి చూడండి, చంద్రుడి మీదైనా ఇదే కోణం! వ్యాసార్ధం 3 మీటర్లైతే, 1 మీటరు దిగాక సెకనుకు 4.4 మీటర్ల వేగంతో వదులుతుంది. అక్కడి నుంచి అది మామూలు ప్రక్షేపకమే, అంటే విసిరిన రాయి లాంటిదే.

నెత్తి మీదే √(జిఆర్/2) వేగం ఇచ్చి వదిలితే కాస్ తీటా 5/6 రావాలి, చేసి చూడండి. √(జిఆర్) ఇస్తే ఏమవుతుందో కూడా చూడండి. వచ్చే భాగంలో ఘర్షణ కలుపుతాం, అప్పుడు ఎన్ స్పర్శరేఖ దిశ సమీకరణంలోకీ వస్తుంది కాబట్టి రెండిటినీ విడివిడిగా సాధించడం కుదరదు.