బండ్లు లేని ఫ్రాన్స్ పల్లెదారుల్లో సైకిల్ యాత్ర: దారి, టైరు, తిండి, నీళ్ళు

ఫ్రాన్స్ పల్లెల్లో కార్ల గొడవ లేకుండా వారం రోజులు తొక్కాలంటే మ్యాప్‌లో ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. మీరు ఎంచుకున్న దారి వ్వా వెర్తా, వేలోరూటా? వ్వా వెర్త్ మీదకి మోటారు బండ్లు రాకూడదు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, చాలాచోట్ల గుర్రాలు, అంతే. 2004 నుంచి ఫ్రాన్స్ రోడ్డు నిబంధనల్లోనే దీనికి చోటుంది. వేలోరూట్ అలా కాదు. అది బోర్డులు పెట్టి కలిపిన సుదూర మార్గం. అందులో కొంత వ్వా వెర్త్ ఉంటుంది, కొంత ఊళ్ళ మధ్య మామూలు రోడ్డు ఉంటుంది. లువార్ నది వెంట సాగే సుమారు 900 కి.మీ. లా లువార్ ఆ వేలో ఎంత పేరున్నదైనా, దానిలో చాలా భాగాలు కార్లు తిరిగే చిన్న రోడ్ల మీదే పోతాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ తేడా చూసుకోకుండా టికెట్లు కొనకూడదు.

వ్వా వెర్త్‌లలో ఎక్కువ భాగం పట్టాలు తీసేసిన పాత రైలు కట్టలు, లేదా పడవలు లాగడానికి వేసిన కాలువ గట్లు. రెండింటి స్వభావం వేరు. రైలు కట్ట మీద వాలు మామూలుగా 3 శాతం దాటదు, కానీ ఆ కొంచెం ఎత్తు కిలోమీటర్ల తరబడి సాగుతుంది. బుర్గోన్‌లో జీవ్రీ నుంచి క్లూనీ వరకు 1997లో తెరిచిన దారి దేశంలో ఈ తరహాకు మొదటిది. దక్షిణాన ఓ లాంగ్‌దోక్ కొండల్లో బెదారియూ నుంచి మజామే వరకు 80 కి.మీ. మేర పాసా పాయిస్ అనే వ్వా వెర్త్ ఉంది. ఇలాంటి దారుల్లో సొరంగాలు వస్తాయి. లోపల చల్లగా, తడిగా ఉంటుంది. ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళ్తే కాసేపు ఏమీ కనపడదు, అందుకే సొరంగం ముఖద్వారం దగ్గరికి రాకముందే లైటు వేసి, వేగం తగ్గించాలి. క్లూనీకి దక్షిణాన 1.6 కి.మీ. పొడవున్న బువా క్లేర్ సొరంగాన్ని గబ్బిలాల కోసం చలికాలం మూసేస్తారు. అప్పుడు పైన కనుమ ఎక్కి దిగాలి. సామానుతో అదేమీ చిన్న పని కాదు.

కాలువ గట్టు మీద లాకుల (పడవలను ఎత్తి దించే నీటి గేట్ల) దగ్గర తప్ప ఎత్తు అనేదే ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు తులూజ్ నుంచి పడమరకు సాగే గారొన్ కాలువే సరైనదని మా గట్టి అభిప్రాయం. 193 కి.మీ. కాలువ, దారి దాదాపు అంతా తారే. మొంతోబాన్, మువాసాక్, ఆజాన్ రైలు స్టేషన్లు అందుబాటులో ఉంటాయి కాబట్టి ఎక్కడ అలసిపోతే అక్కడ రైలెక్కొచ్చు. ఆజాన్ దగ్గర 539 మీటర్ల రాతి వంతెన మీద కాలువే గారొన్ నదిని దాటుతుంది, దాని పక్కనే మీరూ దాటుతారు. కాలువ చివర నుంచి బోర్దో చేరాలంటే మాత్రం సోవ్‌తెర్ అనే ఊరి దాకా గుట్టల మీది చిన్న రోడ్లు తప్పవు. అక్కడ నుంచి మళ్ళీ 57 కి.మీ. రొజే లపెబీ వ్వా వెర్త్ నగరం అంచుదాకా తీసుకుపోతుంది.

తులూజ్ నుంచి తూర్పుకు పోయే కనాల్ ద్యు మిదీ సంగతి వేరు. 240 కి.మీ. ఈ కాలువను 1996లో యునెస్కో గుర్తించింది. పేరు చూసి రోడ్డు సైకిలు తెచ్చుకుని ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ. తులూజ్ నుంచి పోర్ లోరాగే వరకు 50 కి.మీ. తారు, తర్వాత చాలాచోట్ల మట్టి బాట. పాత ప్లేన్ చెట్ల వేళ్ళు బాటకు అడ్డంగా పైకి లేచి ఉంటాయి. సన్నని చక్రం వాటిని అడ్డంగా తగిలితే రిమ్ము దెబ్బతింటుంది, వేరు వెంబడి పడితే మనిషి కాలువలోకి జారతాడు. 2006 నుంచి కాంకర్ అనే శిలీంధ్ర తెగులుతో వేల చెట్లు కొట్టేశారు కాబట్టి నీడ కూడా అన్నిచోట్లా దొరకదు. గాలి మరో సమస్య. ఆగ్నేయం నుంచి ఓతాన్, వాయవ్యం నుంచి సెర్స్ బలంగా వీస్తాయి. చదునైన గట్టు మీద ఎదురుగాలి కొండ ఎక్కినంత పని పెడుతుంది. రెండు రోజుల ముందు వాతావరణ సూచన చూసి ఎటు నుంచి ఎటు వెళ్ళాలో నిర్ణయించుకోవచ్చు. ఈ కాలువ వెంబడి రైళ్ళున్నాయి కాబట్టి దిశ మార్చడం కష్టం కాదు.

టైరు, గాలి, సామాను

తారు లేని భాగాల్లో ఎక్కువగా కనిపించేది ఒత్తి గట్టిపరచిన ఇసుక, సన్న కంకర. ఎండలో హాయిగా ఉంటుంది. రాత్రంతా వాన పడితే పైపొర మెత్తబడి చక్రాన్ని పట్టేస్తుంది, ఆ ఇసుక చైనుకు అంటుకుని ఒక్క రోజులో గరగరమనిపిస్తుంది. అందుకని 28 మి.మీ. టైర్లు వద్దు. 37 నుంచి 42 మి.మీ. ఉండాలి, ట్రెడ్ తేలికగా ఉంటే చాలు. మనిషి, సామాను కలిపి 90 కిలోలైతే 40 మి.మీ. టైరుకు ముందు 2.5, వెనక 3 బార్ దగ్గర మొదలుపెట్టండి. గాలి ఎక్కువైతే చెట్ల వేళ్ళ మీద మణికట్లు నలుగుతాయి, మరీ తగ్గితే రాయి తగిలిన చోట ట్యూబ్ రెండు రంధ్రాలతో కోసుకుపోతుంది. రోజూ సాయంత్రం చైను గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైనున్నది మళ్ళీ తుడిచేయాలి.

గట్ల పక్క కంచెలను కత్తిరించిన రోజుల్లో ముళ్ళు దారి నిండా రాలి ఉంటాయి. పంక్చర్ అయితే టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి ముల్లు దొరికేదాకా కొత్త ట్యూబ్ ఎక్కించొద్దు. ముల్లు అక్కడే ఉంటే పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది. రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు లివర్లు, పంపు, చైను తెంచే పనిముట్టు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, మీ సైకిలుకు సరిపోయే డీరేలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) దగ్గర ఉంచుకోవాలి. చివరిది పల్లె దుకాణంలో దొరకదు.

రోడ్డు దాటే ప్రతి చోటా మోటారు బండ్లను ఆపడానికి ఇనుప గేట్లు, వంకర కడ్డీలు ఉంటాయి. వెనక సంచులు పక్కకు పొడుచుకొస్తే వాటికి తగిలి హుక్కులు విరుగుతాయి. బరువు కిందికి, చక్రానికి దగ్గరగా కట్టండి. పిల్లల ట్రైలర్ ఉంటే దిగి నడిపించడం తప్పదు. అక్కడ చాలాసార్లు ఆగాల్సింది సైకిళ్ళే, రోడ్డు మీది బండ్లకే ముందుపోయే హక్కు ఉంటుంది. బోర్డు చూడకుండా దూసుకుపోవడం అసలైన ప్రమాదం.

చదును దారిలో దిగుడు ఉండదు కనుక తొక్కడం ఆగదు, సీటు మీంచి లేవరు. అందుకే మొదటి రోజే తొడలు ఒరుసుకుపోవడం, చేతివేళ్ళు తిమ్మిరెక్కడం మామూలు. ప్రతి ఇరవై నిమిషాలకు పెడళ్ళ మీద లేచి నిలబడండి, చేతుల పట్టు మార్చండి. మొదటి రెండు రోజులు 40 కి.మీ. మించకుండా, తర్వాత 55–60 కి.మీ. చాలు. మట్టి బాట మీద మధ్యలో ఆగే సమయంతో కలిపి గంటకు 12 కి.మీ. లెక్క వేసుకోండి.

తిండి, నీళ్ళు, పడక

బండ్లు లేని దారి అంటే దుకాణాలు లేని దారి. రైలు కట్ట లోయలో పోతుంది, ఊరు గుట్ట మీద ఉంటుంది, పాత స్టేషన్ ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరం. కాలువ కూడా ఊళ్ళను తాకకుండానే పోతుంది. రొట్టె కోసం దిగితే తిరిగి ఎక్కాలి. ఈ లెక్క ముందే వేసుకోనివాళ్ళు మధ్యాహ్నం ఆకలితో కూలబడతారు.

పల్లె దుకాణాలు పన్నెండున్నరకు మూసి రెండున్నర, మూడు దాకా తెరవవు. భోజనశాలల్లో మధ్యాహ్నం వడ్డన పన్నెండు నుంచి రెండు వరకే. ఆదివారం మధ్యాహ్నం నుంచి దాదాపు అన్నీ మూతే, సోమవారం చాలా బేకరీలు సెలవు. ఆగస్టులో బేకరీ యజమానులే సెలవుల మీద పోతారు. కాబట్టి శనివారం సాయంత్రమే రెండు రోజులకు కొనండి. మే, జూన్, సెప్టెంబర్ నెలలే మంచివి.

మనిషికి రెండున్నర లీటర్ల నీళ్ళు ఉండాలి. ఊరి శ్మశానం గేటు దగ్గర కుళాయి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 'ఓ నోన్ పొతాబ్ల్' (తాగడానికి పనికిరాని నీళ్ళు) అని రాసి ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు. కాలువ నీళ్ళు వడపోసినా తాగొద్దు.

పడుకోవడానికి ఊరి పంచాయతీ నడిపే గుడారాల స్థలాలు చవక, అయితే చాలావరకు వసంతం నుంచి సెప్టెంబర్ వరకే తెరిచి ఉంటాయి. 'అక్యెయ్ వేలో' (సైకిలు యాత్రికులకు అనువైనవని ఇచ్చే) గుర్తున్న బసలు మార్గానికి 5 కి.మీ. లోపే ఉంటాయి, సైకిలు తాళం వేసి పెట్టే చోటు, మరమ్మతు పనిముట్లు ఇస్తారు. ఎక్కడంటే అక్కడ గుడారం వేయడం కుదరదు. రక్షిత చారిత్రక కట్టడానికి 500 మీటర్లలోపు, తాగునీటి వనరుకు 200 మీటర్లలోపు, సముద్రతీరాన నిషిద్ధం.

ప్రాంతీయ రైళ్ళలో సైకిలు విప్పకుండానే ఎక్కించవచ్చు, వేసవిలో కొన్ని ప్రాంతాల్లో ముందే బుక్ చేయాలి. టీజీవీలో (అతివేగ రైళ్ళలో) సైకిలు స్థలం కొన్ని రైళ్ళకే ఉంటుంది. లేకపోతే ముందు చక్రం తీసి 130×90 సెం.మీ. సంచిలో పెట్టాలి. టికెట్ కొనేటప్పుడే తేల్చుకోండి.

దారి మీద

పన్నెండేళ్ళలోపు పిల్లలకు 2017 నుంచి హెల్మెట్ తప్పనిసరి, గంట, ముందువెనక లైట్లు అందరికీ. రాత్రి, పొగమంచులో ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి. చెవిలో ఇయర్‌ఫోన్లు కనబడితే 135 యూరోల జరిమానా. రోడ్డు ముక్క మీదకి వచ్చినప్పుడు, బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలని గుర్తుంచుకోండి. పల్లెల్లో ట్రాక్టర్ డ్రైవర్లు ఆ హక్కును నిస్సంకోచంగా వాడుకుంటారు.

కాలువ గట్టు మీద చేపలు పట్టేవాళ్ళ పొడవాటి గాలపు కర్రలు బాటకు అడ్డంగా పరచి ఉంటాయి. దూరం నుంచే గంట కొట్టి, వాళ్ళు కర్ర వెనక్కి లాగేదాకా ఆగండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కు ఫోన్ చేయాలి. అయితే గట్టు మీద చిరునామా ఉండదు, అందుకే లాకు దాటినప్పుడల్లా లాకు ఇంటి గోడ మీది పలకపై ఉన్న పేరు చూసుకోండి. పలానా లాకు దాటి ఇంత దూరం, ఏ గట్టు అని చెబితే అంబులెన్సు ఏ వంతెన దగ్గరికి రావాలో వాళ్ళకు తెలుస్తుంది.