మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ: ముందు ఏ బ్యాక్టీరియాతోనో తేల్చుకోండి

పీహెచ్‌డీకి ఎక్కడ చేరాలని సలహా అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: ఏ జీవి మీద పనిచేస్తారు? యూనివర్సిటీ పేరు, ర్యాంకు తర్వాత చూసుకోవచ్చు. ఈ. కోలై మంచి మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. సాయంత్రం ప్లేటు మీద స్ట్రీక్ చేస్తే (గీతల్లా పూస్తే) పొద్దున్నకి కాలనీలు సిద్ధం. నేను పనిచేసిన క్షయ బ్యాక్టీరియాకి రెట్టింపు కావడానికే ఇంచుమించు 20 గంటలు పడుతుంది. కాలనీ కంటికి కనపడాలంటే మూడు నాలుగు వారాలు. అది కూడా బీఎస్‌ఎల్-3 (ప్రమాదకరమైన క్రిములకి వాడే కట్టుదిట్టమైన) ల్యాబ్‌లో, ట్రైనింగు, అనుమతులు అన్నీ అయ్యాకే. ఒక్క ప్లేటు కంటామినేట్ అయితే నెల పోయినట్టే.

అలాగని భయపడి మానేయమని కాదు. స్మెగ్మాటిస్ అనే దాని చుట్టం మూడు గంటల్లోనే రెట్టింపవుతుంది, దానికి బీఎస్‌ఎల్-3 అక్కర్లేదు. పద్ధతులన్నీ ముందు దాని మీద సరిచూసుకుని, తర్వాత అసలు దానికి వెళ్లే ల్యాబ్ అయితే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంటర్వ్యూలో ఈ సంగతి అడగండి, తప్పేం లేదు.

ఇక గైడు. వాళ్ల పేపర్లలో ఫలితాలతో పాటు మొదటి పేరు ఎవరిదో చూడండి. విద్యార్థులవా, అన్నీ పోస్ట్‌డాక్‌లవేనా (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసేవాళ్లవి)? ఆ ల్యాబ్ నుంచి వచ్చిన పాత థీసిస్‌లు యూనివర్సిటీ లైబ్రరీలో దొరికితే కృతజ్ఞతల పేజీ వదలొద్దు. అక్కడ గైడు గురించి ముక్తసరిగా ఒక్క వాక్యం, తోటివాళ్ల గురించి రెండు పేజీలు ఉంటే నాకైతే అనుమానమే. ఇప్పుడున్న విద్యార్థులతో గైడు లేనప్పుడు మాట్లాడండి. డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్లకి తిరిగొస్తుంది? ఒకే ప్రాజెక్టు ఇద్దరికి ఇస్తారా? మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా, ఎందుకు? గ్రాంటు ఎప్పటిదాకా ఉందో మాత్రం గైడునే అడగాలి. రొటేషన్లు (ల్యాబ్ ఎంచుకునే ముందు కొన్నిట్లో కొన్నాళ్ల చొప్పున పనిచేయడం) ఉన్న చోట డేటా కోసం తాపత్రయపడకుండా మనుషుల్ని గమనించండి.

గైడుకి రాసే మెయిల్ పొట్టిగా ఉండాలి. వాళ్ల పేపర్లో ఫలానా ఫిగర్ చూశాక మీకొచ్చిన సందేహం ఒక్కటి రాస్తే చాలు, పొగడ్తలు ఎవరూ చదవరు.

చేరాక ఎవరు ఏ స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) ఇచ్చినా నేరుగా ప్రయోగం మొదలుపెట్టొద్దు. స్ట్రీక్ చేసి, ఒకే కాలనీ నుంచి పెంచి, 16ఎస్ సీక్వెన్సింగ్‌తో (బ్యాక్టీరియాని గుర్తుపట్టే జీన్‌ని చదివి) అది అదేనా కాదా చూసుకోండి. మ్యూటెంట్ (ఒక జీన్ తీసేసిన రకం) అయితే ఆ జీన్ నిజంగా పోయిందో లేదో కూడా. తర్వాత 15 నుంచి 20 శాతం గ్లిసరాల్‌తో స్టాకులు చేసి మైనస్ 80లో పెట్టండి, ఒక సెట్టు వేరే ఫ్రీజర్లో. ఇక ప్రతిసారీ ఆ స్టాకు నుంచే మొదలుపెట్టాలి. ఫ్రిజ్‌లో ఉన్న పాత ప్లేటు నుంచి కాదు.

ఇది చాదస్తంలా అనిపించొచ్చు. కానీ క్షయ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పదేపదే సబ్‌కల్చర్ చేస్తూ పోతే, పీడీఐఎం అనే లిపిడ్‌ని తయారుచేయలేని కణాలు పైచేయి సాధిస్తాయి. ఫ్లాస్కులో దానితో వాటికి పనిలేదు, లేకపోతేనే కాస్త వేగంగా పెరుగుతాయి. ఎలుకలో మాత్రం అది లేని బ్యాక్టీరియా బలహీనపడుతుంది. మీరు తీసేసిన జీన్ వల్లే ఇన్ఫెక్షన్ తగ్గిందని సంబరపడతారు, అసలు కారణం ఆ లిపిడ్. అందుకే తీసేసిన జీన్‌ని తిరిగి పెట్టి, పాత లక్షణం తిరిగొచ్చిందో లేదో చూడాలి. దీన్నే కాంప్లిమెంటేషన్ అంటాం. తిరిగి రాకపోతే తేడా వేరే చోట ఉండొచ్చు. తిరిగొచ్చినా పీడీఐఎం ఉందో లేదో విడిగా చూసుకోవడమే మంచిది.

పీహెచ్‌డీ మధ్యలో కమిటీ ముందు ఇచ్చే క్వాలిఫయింగ్ పరీక్ష టెన్షన్ అంతా ఇక్కడే సగం తగ్గుతుంది. కమిటీ వాళ్లు తిప్పి తిప్పి అడిగేది కంట్రోల్ (పోల్చి చూసేందుకు పెట్టిన ప్రయోగం) ఏది, మరో కారణం ఉండొచ్చు కదా అనే. మిగతా సగానికి, రాబోయే ప్రయోగం ఫెయిలైతే ఏం చేస్తారో ముందే ఒక పేరాలో రాసి పెట్టుకోండి.

మెథడ్స్ భాగం ప్రయోగం చేసిన వారంలోనే రాసేయండి. మీడియం లాట్ నంబరు, ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) ఎంత దగ్గర కల్చర్ తీశారు, ఎవరి స్ట్రెయిన్ అన్నవి థీసిస్ నాటికి గుర్తుండవు. స్టాకుల జాబితా కూడా అలాగే, ట్యూబు మీద రాసిన నంబరు, నోట్‌బుక్ పేజీ కలిసేలా మొదటి నెల నుంచే నింపుతూ రండి.